హీరో ఒక్కడే... దోస్తులు వందమంది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్డు మీద అభిమాన సంఘాల కథ

కొత్త సినిమా రిలీజయ్యే రోజు తెల్లవారుజామున సినిమా హాలు ముందు ఎప్పుడైనా నిలబడి చూశారా? సినిమా కోసం కాదు, ఊరికే అక్కడి కుర్రాళ్ళని చూడటానికి! ఒకడు నిచ్చెన పట్టుకుంటాడు. ఇంకొకడు ఎక్కి దండ వేస్తాడు. మూడోవాడు కిందనుంచి "జర ఎడమకు జరుపన్నా!" అని కేకలేస్తాడు. నాలుగోవాడు అందరికీ టీలు మోసుకొస్తాడు. అయిదోవాడు ఏ పనీ చెయ్యడు. డప్పులు మోగుతుంటే వాటి ముందు ఎగురుతూ వుంటాడు.

రాత్రంతా నిద్రలేదు. జేబులో వున్న డబ్బులు కొబ్బరికాయలకీ, కాగితాల కట్టలకీ అయిపోయాయి. ఇంట్లో తెలిస్తే నాన్న చేత పూజ తప్పదు. అయినా ఆ మొహాలు చూడండి, పెళ్ళివారి మొహాల్లా వెలిగిపోతూ వుంటాయి!

పెద్దవాళ్ళు దీనికి "సినిమా పిచ్చి" అని పేరుపెట్టి పక్కకి తిరిగిపోతారు. వాళ్ళని ఒక చిన్న ప్రశ్న అడుగుదాం. హీరోని చూడాలంటే టిక్కెట్టు కొనుక్కుంటే సరిపోతుంది కదా! మరి సంఘం ఎందుకు? చందా ఎందుకు? రబ్బరు స్టాంపు ఎందుకు?

దానికి జవాబు తెర మీద దొరకదు. తెరకి ఎదురుగా, బెంచీలమీద దొరుకుతుంది. సంఘంలో చేరిన కుర్రాడికి హీరో దొరకడు. ఆయన హైదరాబాదులోనే వుంటాడు. దొరికేది పక్కవాడు! ఆ పక్కవాడి కథే ఈ కథ.

మూడు వూళ్ళు... రెండు ఏరియాలు!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకప్పుడు మూడూ నల్లగొండ జిల్లా వూళ్ళే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా విడిగా ఏర్పడింది. కోదాడ దానితో వెళ్ళింది. మిర్యాలగూడ నల్లగొండలోనే వుండిపోయింది. సూర్యాపేటకీ కోదాడకీ హైదరాబాదు - విజయవాడ హైవేనే నడివీధి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండే వడ్లకీ, రైసు మిల్లులకీ పేరుపడ్డ వూరు. మిర్యాలగూడకి రైలుంది. సూర్యాపేటకి లేదు. బస్సే దిక్కు!

సినిమావాళ్ళ లెక్కలో ఈ రోడ్డుకి ఇంకో తమాషా వుంది. మన సినిమాల పంపిణీని ఏరియాలుగా పంచుకుంటారని మీకు తెలుసు - నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు... అలాగ. ఈ మూడు వూళ్ళూ నైజాం. కోదాడ దాటి కాస్త ముందుకి పోతే జగ్గయ్యపేట. అది కృష్ణా ఏరియా! రాష్ట్రాలు విడిపోయింది 2014 జూన్ 2న. సినిమా పటంలో మాత్రం ఆ గీత అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే వుంది.

రీళ్ళ కాలంలో ప్రింట్లు తక్కువ. పెద్ద సెంటర్లలో ఆడాకగాని చిన్న వూళ్ళకి సినిమా వచ్చేది కాదు. అంతవరకూ ఆగలేని కుర్రాళ్ళు బస్సెక్కి, లేదా లారీ డ్రైవరుని బతిమాలుకుని పెద్ద వూరికి పోయేవాళ్ళు. ఒక్కడే పోతే అది ప్రయాణం. పదిమంది కలిసిపోతే యాత్ర! చూసొచ్చినవాడు మర్నాడు టీ బండి దగ్గర కథ చెబుతుంటే చుట్టూ చేరిన జనం, ఫైటు సీను దగ్గర వాడి చేతులు తిరిగే తీరు... ఆ కాస్సేపూ వూళ్ళో వాడే హీరో.

ఈ జిల్లాకి "సంఘం" కొత్తమాట కాదు

సంఘం అనే మాట ఈ నేలమీద చాలా బరువైన మాట. 1940లలో ఆంధ్ర మహాసభని ఇక్కడి పల్లెల్లో జనం "సంగం" అనే పిలిచారు. వెట్టి మీద, దొరల జులుం మీద లేచిన తెలంగాణా సాయుధ పోరాటంలో సూర్యాపేట తాలూకా ముఖ్యమైన కేంద్రం. సినిమా అభిమాన సంఘాన్ని తీసుకెళ్ళి ఆ సంగం పక్కన నిలబెడదామని కాదు. అది ప్రాణాలు పెట్టిన సంగతి, ఇది సరదా. ఒక్కడి మాట చెల్లని చోట పదిమంది కలిస్తే చెల్లుతుందన్న సంగతి మాత్రం ఇక్కడి మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు.

సినిమా సంఘం పుట్టేది కూడా ఆ లెక్కనే. ఒక గల్లీలో నలుగురు. టీ బండి దగ్గర మాటలో మాట. "ఏం తమ్మీ, మన హీరోకు మనూర్ల సంఘం లేకపోతే మన పరువేం గావాలె?" అని ఒకడంటాడు. అంతే! వారం తిరిగేసరికి లెటరుహెడ్డు తయారు. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు... మెంబరంటూ ఎవరూ మిగలరు. అందరికీ పదవులే!

నవ్వుకోండి, తప్పులేదు. కాని ఆ పదవుల్లో కుర్రాడు నేర్చుకునేది చూడండి. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు చందాలు రాసి పైసాతో సహా లెక్క చెబుతాడు. నలుగురిలో నోరు విప్పనివాడు హాలు మేనేజరుతో బేరమాడతాడు. వూరేగింపు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషను మెట్లెక్కుతాడు. హీరో పుట్టినరోజు నాడు మైకు పట్టుకుని, మొదట తడబడి, మరుసటి ఏడాది అదరగొడతాడు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టినప్పుడు వూరూరా జెండా పట్టినవాళ్ళలో ఆయన అభిమానులు ఎందరో వున్నారు. 1983 జనవరికి ఆయన ముఖ్యమంత్రి! కాగితాలు ఎగరేసిన చేతులే ఓట్ల లెక్కలు కూడా వేశాయి.

ఇదంతా గుడ్డిభక్తి అని కొట్టిపారేసేవాళ్ళకి ఇంకో మాట. ఎస్.వి. శ్రీనివాస్ అనే సినిమా పరిశోధకుడు మన అభిమాన సంఘాల మీద 1996లో ఒక వ్యాసం రాశారు. భక్తి, ధిక్కారం - ఈ రెండు మాటలూ దాని పేరులోనే వున్నాయి. 2009లో చిరంజీవి మీద "మెగాస్టార్" అని ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు. మన కుర్రాళ్ళని చూస్తే ఆ రెండు మాటలూ ఎంత నిజమో తెలుస్తుంది. హారతి పట్టేదీ వాళ్ళే, సినిమా బాగాలేకపోతే "మా హీరోని ఇలా చూపిస్తారా?" అని హాలు ముందే నిలదీసేదీ వాళ్ళే! ఆ అలక దేవుడిమీద అలక కాదు, ఇంట్లో మనిషిమీద అలక.

పేరు వినపడితే చాలు!

మనిషి మనిషిని వెతుక్కునే ఈ దారి సినిమా హాలు దగ్గరే మొదలు కాలేదు. రేడియో రోజుల్లో కూడా వుంది.

ఝుమ్రీ తలైయా పేరు విన్నారా? అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండులో వున్న అభ్రకం గనుల వూరు. రేడియో సిలోన్‌కీ, వివిధభారతికీ కోరిన పాటల ఉత్తరాలు రాసి రాసి ఆ చిన్న వూరు దేశమంతా ప్రసిద్ధికెక్కింది. అక్కడ శ్రోతల సంఘాలుండేవి. ఎవరెక్కువ కార్డులు రాస్తారని పోటీలుండేవి. మన తెలుగువాళ్ళూ తక్కువ తినలేదు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే ఇళ్ళల్లో, హోటళ్ళలో రేడియో చుట్టూ మూగేవాళ్ళు. కోరినవారి పేర్లు వరసగా చదువుతుంటే పాటకన్నా ముందు పేర్లకోసమే చెవులు నిక్కబొడుచుకునేవాళ్ళు. తన పేరూ, తన స్నేహితుల పేర్లూ ఒకే వరసలో! సముద్రం అవతలనుంచి ఎవరో మన వూరి పేరు పలికారు! చిన్న వూరి కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి?

సినిమా పత్రికల్లో "కలం స్నేహం" శీర్షికలు కూడా అలాంటివే. పేరు, వయసు, హాబీలు, అడ్రసు... అంతే వుండేది. హాబీలు అన్నచోట "సినిమాలు చూచుట, పాటల పుస్తకములు సేకరించుట" అని కనపడితే చాలు, ఇక్కడివాడు ఎక్కడో విశాఖపట్నం వాడికి కార్డు రాసేవాడు. పాటల పుస్తకంలో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమని వూరించేవాళ్ళు గుర్తుందా? ఈ స్నేహాలూ అంతే. కార్డుమీద సగం, ఎప్పుడో కలిసినప్పుడు మిగతా సగం.

గుడిబండ కుర్రాడి పాఠం

కోదాడ దగ్గర గుడిబండ అని ఒక వూరుంది. 1923 నవంబరు 16న ఆ వూళ్ళో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావే మన "కత్తి" కాంతారావు! ఆయన కూడా మొదట నాటకాల పిచ్చి వున్న కుర్రాడే. ఆ పిచ్చే మద్రాసు దాకా నడిపించింది. హెచ్.ఎం. రెడ్డి "ప్రతిజ్ఞ" (1953)లో హీరో అయ్యాడు. "లవకుశ" (1963)లో లక్ష్మణుడు. విఠలాచార్య జానపదాల్లో కత్తి పడితే నేల క్లాసు లేచి నిలబడాల్సిందే. "గురువును మించిన శిష్యుడు" (1963), "జ్వాలాద్వీప రహస్యం" (1965)... ఒకటా, రెండా!

తరువాత? సొంతంగా సినిమాలు తీశాడు, ఆస్తి పోగొట్టుకున్నాడు. జానపదాల కాలం వెళ్ళిపోయింది. చిన్న వేషాలు, టీవీ సీరియళ్ళు. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశాడు.

హీరోల కాలానికి ఒక కొలత వుంటుంది. ఇవాళ నలభై అడుగుల కటౌట్ వున్నవాడికి రేపు పోస్టరులో కాస్త చోటు దొరక్కపోవచ్చు. అభిమాని ఆ హీరోనొక్కణ్ణే పట్టుకుని వుంటే, హీరోతోపాటు వాడి కథా ముగిసిపోతుంది. ఆ హీరో పేరు చెప్పి సంపాదించుకున్న స్నేహితుడు మాత్రం ముసలితనందాకా వస్తాడు!

ఇంకొకాయన సంగతి. సూర్యాపేట ప్రాంతంలోని తుంగతుర్తి నుంచి వచ్చిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి. 1935లో పుట్టి, ఎంబీబీఎస్ చదివి, "చివరకు మిగిలేది" (1960)తో తెరకెక్కాడు. ఎక్కువగా వేసింది విలన్ వేషాలే. తెరమీద ఆయన్ని తిట్టుకోనివారు లేరు. కాని సినీ కార్మికుల ఇళ్ళకోసం స్థలం ఇచ్చింది ఆ విలనే! ఆయన 1997లో పోయాడు. హైదరాబాదులో చిత్రపురి కాలనీ ఆయన పేరుతో వుంది. ఆయన సినిమాల పేర్లు కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. ఆ కప్పుల కింద కాపురాలు మాత్రం నడుస్తున్నాయి.

పాలాభిషేకం నుంచి రక్తదానం దాకా

1998 అక్టోబరు 2న చిరంజీవి పేరుతో హైదరాబాదులో బ్లడ్ బ్యాంకు, ఐ బ్యాంకు మొదలయ్యాయి. అప్పటినుంచి అభిమాన సంఘాల పుట్టినరోజు పండుగ తీరే మారిపోయింది. దండలూ, పాలాభిషేకాలూ వుంటూనే రక్తదానం కూడా వచ్చి చేరింది. మిగతా హీరోల సంఘాలు చూస్తూ వూరుకుంటాయా? "వాళ్ళు యాభైమంది ఇచ్చిండ్రంట, మనం వంద ఇయ్యాలె!" ఇలాంటి పోటీ ఎంత ముదిరితే వూరికి అంత మంచిది.

అయితే సంఘాలవాళ్ళు ఒక్క లెక్క గమనించాలి. సేకరించిన ఎర్రకణాలు మంచి పద్ధతిలో దాచినా 42 రోజులకి మించి నిలవవు. ప్లేట్‌లెట్లు అయితే 5 రోజులే. హీరో పుట్టినరోజు నాడు వందమంది ఒకేసారి ఇచ్చి, మళ్ళీ ఏడాదిదాకా ఎవరూ ఇవ్వకపోతే? పండుగ రోజు నిండిన ఫ్రిజ్ రెండు నెలలకి ఖాళీ! హైవే మీద ప్రమాదం మాత్రం ఏ హీరో పుట్టినరోజూ చూసి రాదు. ఈ రోడ్డు పక్కన పెరిగినవాళ్ళకి ఆ సంగతి చెప్పనే అక్కరలేదు.

అందుకని అసలైన సంఘం ఏం చెయ్యాలంటే, మెంబర్ల పేర్ల పక్కన బ్లడ్ గ్రూపు రాసి పెట్టుకోవాలి. ఆరోగ్యంగా వున్న మగవాళ్ళు 3 నెలలకోసారి, ఆడవాళ్ళు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. 18 ఏళ్ళు నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి. పాతికమంది చొప్పున నాలుగు జట్లుగా విడిపోతే ఏడాది పొడుగునా చెయ్యి అందుతూనే వుంటుంది. ఆసుపత్రినుంచి అర్ధరాత్రి ఫోను వస్తే "నెగెటివ్ గ్రూపు మనోళ్ళలో ఎవరున్నరు?" అని వెతికి, నిద్రలేపి, బండి మీద తీసుకెళ్ళేవాడే నిజమైన ప్రెసిడెంటు! రక్తం ఎక్కించుకున్న మనిషి అది ఏ హీరో అభిమానిదని అడగడు.

నిచ్చెన మీద వున్నవాడు ఎవరి కొడుకు?

ఇప్పుడు చేదుమాటలు కొన్ని.

2020 సెప్టెంబరు మొదట్లో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకి బ్యానరు కడుతూ కరెంటు తగిలి ముగ్గురు అభిమానులు చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు అలాగే పోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరులో "పుష్ప 2" ప్రీమియర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు.

ఫ్లెక్సీకి ఇనుప ఫ్రేము వుంటుంది. అది పైన కరెంటు తీగకి తగలక్కరలేదు, హై టెన్షన్ లైనుకి దగ్గరగా పోయినా చాలు. "లైను వున్న దిక్కున కట్టొద్దు, కరెంటోళ్ళకి చెప్పి తీగ బందు చేయించినంకనే ఎక్కుదాం" అని ఆ నలుగురిలో ఒక్కడు గట్టిగా అంటే చాలు. అలా అన్నవాడిని పిరికివాడని వెక్కిరించే సంఘంలో స్నేహం ఎక్కడుంది చెప్పండి? కింద నిచ్చెన పట్టుకున్నవాడి చేతుల్లో పైనున్నవాడి అమ్మానాన్నల బతుకు కూడా వుంది!

రెండో చేదుమాట కులం గురించి. "మనోడు" అనే మాటకి కొన్నిచోట్ల ఇంకో అర్థం వుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. లైట్లు ఆరిపోయాక హాల్లో ఎవడిదే కులమో కనపడదు. బయటికి రాగానే ఇంటిపేరు అడిగి జట్టు కట్టేవాడు చీకట్లో నేర్చుకున్నదంతా వెలుగులో మరిచిపోయినట్టే. టీ డబ్బులు ఎవరి జేబులోవైనా గ్లాసులు మాత్రం అందరికీ ఒకటే వుండాలి. సంఘానికి అదే మొదటి పరీక్ష.

మూడోది అమ్మాయిల సంగతి. ఇంతసేపూ "కుర్రాళ్ళు, కుర్రాళ్ళు" అంటున్నామని ఈ పాటికి మన పాఠకురాళ్ళు కోపంగా వుండి వుంటారు. కోపం న్యాయమే! పాటలు అన్నయ్యలకన్నా బాగా వాళ్ళకే నోటికొచ్చు. హీరో ఏ సినిమాలో ఏ చొక్కా వేశాడో వాళ్ళనే అడగాలి. అయినా సంఘం బోర్డుమీద వాళ్ళ పేర్లు కనపడవు. హాలు ముందు నిలబడితే వూరు ఏమంటుందోనన్న భయం. ఒకప్పుడు రేడియో, పత్రిక ఇంటిలోపలికే వచ్చేవి కాబట్టి కలం స్నేహం, కోరిన పాటలు వాళ్ళకి కిటికీలయ్యాయి. ఇప్పుడు ఫోను ఆ కిటికీ అయింది. హీరో పాటకి దృశ్యాలు ముక్కలు ముక్కలుగా కలిపి వీడియోలు చేసి వదిలేవాళ్ళలో అమ్మాయిలు ఎందరో! ఆ ప్రతిభకి సంఘంలో కుర్చీ వెయ్యకపోతే నష్టం సంఘానికే. హాలు ముందు ఒక చెల్లెలు ధైర్యంగా నిలబడగలిగేలా చూసుకోవడం కూడా అన్నల పనే కదా!

రీళ్ళు పోయినా...

రీళ్ళ డబ్బాలు పోయాయి. రంగుల బ్రష్షుతో బ్యానర్లు రాసిన ఆర్టిస్టుల చోటు ఫ్లెక్సీ మిషన్లు తీసుకున్నాయి. నైజాంలో, కృష్ణాలో ఒకేరోజు సినిమా పడుతోంది. పెద్ద సెంటరుకి ముందే పోయి చూసొచ్చి కథ చెప్పాల్సిన పని తప్పింది. ఫోనులోనే సినిమా దొరుకుతుంటే ఇక సంఘాలెందుకని కొందరనుకున్నారు.

ఏమైంది? 2022 ఆగస్టు 9న మహేష్ బాబు పుట్టినరోజుకి "పోకిరి" మళ్ళీ హాళ్ళలో వేశారు. 2006 నాటి సినిమా! టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేలేదు. అయినా జనం విరగబడి వచ్చారు. ఆ వెంటనే "జల్సా", ఆ ఏడాది ఆఖర్న "ఖుషి"... ఆ వరసే మొదలైపోయింది. డైలాగులన్నీ తెలిసిన సినిమాకి డబ్బులిచ్చి ఎందుకొచ్చారు? డైలాగు తెర చెప్పకముందే వందమందితో కలిసి చెప్పడానికి! ఇంట్లో ఒక్కడే కూర్చుని ఈల వేస్తే అమ్మ కసురుతుంది. హాల్లో వేస్తే పక్కవాడు అందుకుంటాడు.

ఇప్పటి సంఘాలు ఫోన్లలో గ్రూపులుగా నడుస్తున్నాయి. పొద్దున్నే "అన్నా, గుడ్ మార్నింగ్", సాయంత్రం అవతలి హీరో అభిమానులతో తిట్లు. ఆ తిట్లు కాస్త తగ్గించండి తమ్ముళ్ళూ! ఎప్పుడూ చూడని మనిషిని తెల్లవార్లూ తిట్టడానికి పెట్టే టైములో, గ్రూపులో నాలుగు రోజులుగా మాట్లాడనివాడు ఏమయ్యాడో కనుక్కోవచ్చు. వాడికి జ్వరమేమో, పరీక్ష పోయిందేమో, ఇంట్లో గొడవేమో.

సూర్యాపేట దగ్గర దురాజుపల్లి గుట్టమీద రెండేళ్ళకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. ఎక్కడెక్కడి జనమో వస్తారు. దేవుడి దర్శనం నిమిషం. మిగతా పొద్దంతా చుట్టాలతో, దోస్తులతోనే! ఎవరూ దాన్ని పిచ్చి అనరు. సినిమా హాలు కూడా మన కుర్రకారుకి అలాంటి జాతరే.

కాబట్టి ఈసారి మీ వూళ్ళో మీ హీరో సినిమా పడ్డప్పుడు ఈలలెయ్యండి, ఎగరండి, గొంతు పోయేలా అరవండి. మర్నాడు మాత్రం టీ బండి దగ్గర ఒక్క లెక్క వేసుకోండి. మీ సంఘంలో ఎవడికైనా ఆపదొస్తే అర్ధరాత్రి ఎంతమంది లేచి వస్తారు? పదిమంది వస్తారంటే మీది సూపర్ హిట్ సంఘం. నలుగురే వస్తారన్నా ఫరవాలేదు, ఇంకా ఆడుతుంది. ఒక్కడూ రాడంటే... కటౌట్ ఎంత ఎత్తు కట్టినా ఆ సంఘం మొదటి ఆటకే ఫ్లాపు!